కోనసీమ మాట తీసేయ్

తమ్ముడూ,

నీ ట్రినిడాడ్ వ్యాసం రెండుసార్లు చదివాను. బాగానే రాశావు. కానీ మూడో పేరాలో ఆ తూర్పు తీరం రోడ్డు గురించి "అచ్చం మన కోనసీమే" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

కొబ్బరి చెట్లు కనపడగానే ఇక చూడటం మానేశావు. మాంజనిల్లా నుంచి మయారో దాకా ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క నరీవా చిత్తడి నేల, మధ్యలో సన్నటి ఇసుక కట్ట మీద ఆ రోడ్డు. 2014 నవంబరులో దాని ముక్కలు కొట్టుకుపోయాయంటే ఎవరైనా సముద్రం కోసేసిందనే అనుకుంటారు. కాదు, వానలకి నరీవా నిండి, ఆ నీళ్లు సముద్రంలోకి దారి వెతుక్కుంటూ వెనక నుంచి వచ్చి రోడ్డును తెంపేశాయి. కోనసీమ అని రాసేసుకున్నాక ఇదంతా ఎక్కడ కనిపిస్తుంది?

ఈ జబ్బు నాకూ ఒక ఎడిటర్ అంటించాడు. ముప్పై ఏళ్ల కిందట పులికాట్ మీద రాసి పట్టుకెళితే, నేను రోజంతా పడవలో కూర్చుని చూసి రాసిన పేరా కొట్టేసి, "పాఠకుడికి తెలిసిన దాంతో పోల్చాలండీ" అంటూ "మరో దాల్ సరస్సు" అని చేర్చాడు. అచ్చయ్యాక ఆ పడవాయనకి చదివి వినిపించాను. "ఇందులో మా పులికాట్ ఏది సార్?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పత్రికలు మాత్రం ఇంకా మారలేదు, ఏ ఊరు చూసినా ఇంకేదో ఊరికి తమ్ముడే.

నీ వ్యాసంలో ప్రాణమున్న చోటు ఒక్కటే, దాన్నీ రెండు లైన్లలో తేల్చేశావు. అల వెనక్కి పోగానే వంగి, తడి ఇసుక వేళ్లతో తవ్వి చిప్‌చిప్ ఏరుకునే ఆ పెద్దావిడ. గోరంత గుల్లలవి, ఒక పూట కూరకి ఎన్ని ఏరాలి? ఆవిడ వేళ్లు ఎలా ఉన్నాయి? అడక్కుండానే కారెక్కేశావా? భారతీయ పేరు వినగానే "మనవాళ్లే" అని మురిసిపోయావు. 1845లో ఫతేల్ రజాక్ ఓడ కలకత్తా నుంచి కూలీలను అక్కడ దింపింది, తర్వాత మద్రాసు నుంచి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, నిజమే. కానీ ఆవిడ పుట్టి పెరిగింది ఆ ఇసుకలో. ఆవిడని మన ఖాతాలో వేసుకోకు.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకం వేయొచ్చా అని అడిగావు, అవి తర్వాత. ముందు ఆ పేరా మళ్లీ రాసి పంపు. నీ ఫొటోలో రోడ్డు పక్కన కర్రకి వేలాడదీసిన పీతలున్నాయి కదా, వాటిని దేంతో కట్టారో కూడా రాయి.