కార్మికుల కథల్లో తుంటరి ఎవరు?

నగర కార్మికుల జానపదంలో తెనాలి రామకృష్ణుడి వంటి తుంటరి దొరకక మీ వ్యాసం ఆగిపోయిందని రాశారు. పేరున్న పాత్రను వెతకడమే ఇక్కడ చిక్కు అని నా అభిప్రాయం. ఇంగ్లండు, అమెరికా వర్క్‌షాపుల్లో కొత్తగా చేరిన కుర్రవాణ్ణి, ఎక్కడా లేని ‘ఎడమచేతివాటం స్క్రూడ్రైవరు’ తెమ్మని స్టోరుకు పంపుతారు. అక్కడివారు నవ్వు ఆపుకొని అతణ్ణి మరో విభాగానికి తరుముతారు. ఇందులో తుంటరి ఒక్కరు కాదు, ఆ బృందమంతా; నేడు మోసపోయినవాడు రేపు ఇంకొకరిని పంపినప్పుడు ఆ పాత్ర చేతులు మారుతుంది. మానవేతర పాత్రే కావాలంటే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానికులు చెప్పుకున్న గ్రెమ్లిన్లను, అంటే విమానాలను పాడుచేసే అల్లరి బుల్లి భూతాలను, పరిశీలించండి: అంతుపట్టని యంత్రలోపాన్ని వాటిమీదికి నెట్టేస్తే, పైలటు మెకానిక్కును నిందించే అవసరం ఉండదు. అయితే మొదటి ఉదాహరణే మీ అంశానికి దగ్గరగా తోస్తోంది.