ఢిల్లీకి పోవాలనుకుంటున్న నా శిష్యురాలికి

తిరుపతి

అమ్మా, ఆశీస్సులు.

పార్టీ వాళ్ళు ఇంటికొచ్చి మాట్లాడారనీ, వచ్చే లోక్‌సభ ఎన్నికలకి తిరుపతి సీటులో నీ పేరు చూస్తామన్నారనీ రాశావు. పోనా మేడమ్, వద్దా అని అడిగావు. పో. నాకందులో రెండో మాట లేదు. ఎట్లా పోతావన్నదే నాకు దిగులు, ఈ ఉత్తరమంతా దాని గురించే.

ముందు వాళ్ళు నీ దగ్గరికెందుకొచ్చారో ఆలోచించు. తిరుపతి, చిత్తూరు రెండూ ఎస్సీలకు రిజర్వయిన పార్లమెంటు సీట్లు. తిరుపతి కింద సర్వేపల్లి, గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, ఈ ఏడు అసెంబ్లీ సీట్లున్నాయి. వీటిలో మూడే రిజర్వుడు. మిగతా నాలుగు చోట్లా నాయకులు వేరే. రిజర్వుడు పార్లమెంటు సీటుకి పార్టీలు మనిషిని వెతికే తీరు నేను చాలా ఏళ్ళు దగ్గరుండి చూశాను. పోస్టరు మీద పేరుకి ముందు డాక్టర్ అని ఉండాలి, మాట మర్యాదగా ఉండాలి, కింది నాయకులు గీసిన గీత దాటకూడదు. చదువుకున్న దళిత ఆడబిడ్డ, పైగా యూనివర్సిటీ టీచరు అనగానే వాళ్ళ లెక్కకి నువ్వు అచ్చంగా సరిపోతావు. ఆ లెక్క ప్రకారం పోతే గెలిచినా ఐదేళ్ళ తర్వాత కూరలో కరివేపాకులా తీసి పక్కన పెడతారు. నీకంటూ నీ విషయం, నీ జనం ఉంటే ఆ పని అంత తేలిగ్గా జరగదు. ఆ రెండూ సంపాదించుకునే టికెట్టు మాట ఎత్తు.

చదువు చెప్పే వృత్తి నుంచి దేశ రాజకీయాల్లోకి పోయి నిలబడిన ఆడవాళ్ళని చూడు. మెక్సికోలో క్లాడియా షైన్‌బామ్ అనే ఫిజిక్స్ పరిశోధకురాలు డిగ్రీ రోజుల్లోనే పల్లె ఇళ్ళలో కట్టెల పొయ్యి మీద థీసిస్ రాసింది. తర్వాత శక్తి రంగంలో పీహెచ్‌డీ చేసింది. 2000లో మెక్సికో నగర పర్యావరణ శాఖ ఆమె చేతికొచ్చింది. 2006 తర్వాత మళ్ళీ యూనివర్సిటీకే పోయింది. 2015లో నగరంలోని ఒక భాగానికి, 2018లో నగరం మొత్తానికి అధిపతిగా గెలిచి, 2024 అక్టోబరు 1న దేశాధ్యక్షురాలయింది. మొదటి పదవికీ ఆఖరి పదవికీ మధ్య 24 ఏళ్ళు! మన దేశంలో ద్రౌపది ముర్ము గారు ఒడిశాలోని రాయరంగపూర్‌లో బడిపిల్లలకి పాఠాలు చెప్పి, 1997లో కౌన్సిలరుగా మొదలుపెట్టారు. 2000లో ఎమ్మెల్యే, 2015లో గవర్నరు, 2022లో రాష్ట్రపతి. కృష్ణా బోస్ గారిది ఇంకో తీరు. కలకత్తా సిటీ కాలేజీలో 40 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి, అరవై దాటాక 1996లో జాదవ్‌పూర్ నుంచి లోక్‌సభకి గెలిచారు. మూడుసార్లు ఎంపీ అయ్యి, విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘానికి, అంటే ఆ శాఖ పనిని చూసే ఎంపీల కమిటీకి, అధ్యక్షత వహించారు. కాబట్టి వయసు మించిపోతోందనే బెంగ నీకు అక్కర్లేదు. ఈసారి కాకపోతే ఇక లేదని నీతో ఎవరన్నా అంటే, వాళ్ళ అవసరం వాళ్ళని అట్లా అనిపిస్తోందని తెలుసుకో.

నీ విషయం నీ చేతిలోనే ఉంది. పులికాట్ సరస్సు మీద నీ థీసిస్ ప్రతి అధ్యాయమూ నేను చదివాను. రాయదొరువు దగ్గర సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం పూడిపోతే సముద్రపు నీరు లోపలికి రాదు, నీటితోపాటు వచ్చే చేపపిల్లా రొయ్యపిల్లా రావు, పట్టపు జాలర్ల వలలకీ యానాదుల బుట్టలకీ పని ఉండదు. ఇది నీకు నోటికొచ్చు. అయితే పూడిక తియ్యడం జిల్లా కలెక్టరు ఒక్కరితో తేలే పని కాదని నీకన్నా బాగా ఎవరికి తెలుసు? సరస్సు పక్షుల అభయారణ్యం, అక్కడ పార మోపాలంటే వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి, ఆ ఫైలు జాతీయ వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం దాకా పోవాలి. పక్కన తమిళనాడు, వాళ్ళ జాలర్లతో హద్దుల తగాదా. సముద్రానికీ సరస్సుకీ మధ్య శ్రీహరికోట. ఇన్ని కేంద్ర శాఖలు ఒక్క నీటి మడుగు చుట్టూ కూర్చున్న చోటు మన సీటులో ఇంకోటి లేదు. ఢిల్లీకి పోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనపడదు.

ఈ ఏడాది తడ, సూళ్ళూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాల్లో తిరుగు. శాంపిల్ సీసాలు ఇంట్లో పెట్టి పో. జాలర్ల కుప్పాల్లో ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టే చోట కూర్చుని, ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చారో, వేట నిషేధం రోజుల భృతి ఎవరికి అందిందో ఎవరికి అందలేదో అడుగు. విను, రాసుకో. వాళ్ళు ఒక మాట చెప్పగానే పది నిమిషాల వివరణ ఇచ్చే అలవాటు మన టీచర్లందరికీ ఉంటుంది, దాన్ని కట్టిపెట్టు. ఆ కాగితాలు పట్టుకుని వాళ్ళతోపాటే ఎమ్మార్వో దగ్గరికీ, ఫిషరీస్ ఆఫీసుకీ పో. ఒక్క యాభై కుటుంబాలకి రావాల్సింది వచ్చేలా చేశావంటే, నీ పేరు ఎత్తడానికి పార్టీ ఆఫీసులో ఎవరి సిఫారసూ అక్కర్లేదు. తర్వాత మెట్ట మండలాల వైపు రా. ఇంకో సంగతి, సత్యవేడు వైపు తమిళం కలిసిన తెలుగు, సర్వేపల్లి వైపు నెల్లూరు తెలుగు. నీ క్లాసు తెలుగు రెండు చోట్లా పరాయిగానే వినిపిస్తుంది. అరవం నాలుగు ముక్కలైనా నేర్చుకో.

చిత్తూరు వైపు కూడా ఒక కన్నేసి ఉంచు. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేట్టు నిర్ణయించినా చివరికి, ధర పడిపోయినప్పుడు రైతుని ఆదుకునే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం దాకా పోవాల్సి వచ్చింది. రైతు గోడు ఇక్కడిదే అయినా తలుపు ఢిల్లీలో తట్టాల్సి వచ్చిందన్నమాట.

పార్లమెంటు పని గురించి నాకు తెలిసింది చెప్తా. పాఠాలు చెప్పడం మానేశాక ఒక ఎంపీ ఆఫీసులో ప్రశ్నలు తయారు చేసే పని చేశానని నీకు తెలుసు కదా. లోక్‌సభలో రోజుకి 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు లాటరీలో తేలతాయి. ఉన్న గంటలో సభలో నోటితో జవాబు దక్కేవి కొన్నే. రాతపూర్వక జవాబుల ప్రశ్నలు రోజుకి 230. ‘పులికాట్ అభివృద్ధికి ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంటోంది’ అని అడిగితే ‘తగిన చర్యలు తీసుకుంటున్నాం’ అని జవాబొస్తుంది, అంతటితో కథ ముగుస్తుంది. ‘రాయదొరువు పూడికతీతపై రాష్ట్రం నుంచి ప్రతిపాదన ఏ తేదీన అందింది, ఇప్పుడు ఎవరి పరిశీలనలో ఉంది, ఏ అభ్యంతరం మీద ఆగింది’ అని అడుగు. అప్పుడు అధికారి ఫైలు తెరవక తప్పదు. పరిశోధన చేసినవాళ్ళకి పుట్టుకతో వచ్చినట్టు వచ్చే విద్య ఇది, సభలో చాలామందికి ఉండదు. స్థాయీ సంఘాల్లో నీకు ఇంకా బాగుంటుంది. అక్కడ కెమెరాలు ఉండవు, కాగితం చదివి వచ్చినవాళ్ళ మాటకి విలువ ఉంటుంది.

ఎంపీ నిధుల గురించి ఎన్నికల్లో గొప్పలు చెప్పొద్దు. ఏడాదికి 5 కోట్లు. ఏడు అసెంబ్లీ సీట్లకి పంచితే తలా 71 లక్షలు. అందులోనే 15 శాతం ఎస్సీ వాడలకి, ఏడున్నర శాతం ఎస్టీలు ఉండే చోట్లకి సిఫారసు చెయ్యాలి. ప్రతి ఊళ్ళోనూ రోడ్డు వేయిస్తానని నోరు జారితే ఐదేళ్ళూ ఆ మాటే నిన్ను తరుముతుంది.

ఇక ఉద్యోగం. ఇప్పుడే రాజీనామా చెయ్యొద్దు. పార్టీ సభ్యత్వం గురించీ పోటీ గురించీ మీ యూనివర్సిటీ సేవా నిబంధనల్లో ఏముందో రిజిస్ట్రారు ఆఫీసులో అడిగి కాగితం మీద తీసుకో. నోటిమాట నమ్మొద్దు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో పనిచేసే నీ స్నేహితురాళ్ళకైతే 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగంలో ఉంటూ రాజకీయాలు కుదరవు. పోటీకి దిగే రోజు వస్తే రాజీనామా పెట్టాననడం చాలదు. నామినేషన్ల పరిశీలన నాటికి అది ఆమోదం పొంది, రిలీవింగ్ ఆర్డరు చేతిలో ఉండాలి. నువ్వు 2004 సెప్టెంబరు తర్వాత చేరినదానివి, సీపీఎస్ కిందే, అంటే జీతంలోంచి వాటా కోసి జమచేసే పింఛను పథకం కిందే ఉంటావు, పాత పింఛను ఆశ లేదు. ఆ లెక్క మీ ఆయనతో కూర్చుని ముందే చూసుకో. ఉపాధ్యాయ ఎమ్మెల్సీ సంగతి కూడా రాశావు. తూర్పు రాయలసీమ సీటు మంచిదే, సభా నియమాలు నేర్పుతుంది. అయితే పులికాట్ ఫైలు అక్కడ కదలదు.

డబ్బు విషయంలో మొహమాటపడొద్దు. లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలని 2022లో పెంచారు. ఎస్సీ అభ్యర్థికి డిపాజిట్ 12,500. ఎవరు పెడతారు, ఎంత పెడతారు, బదులుగా ఏం అడుగుతారు, ఈ మూడూ పార్టీ పెద్దల్ని సూటిగా అడుగు. మీ అమ్మ నీకు పెట్టిన బంగారం కుదువ పెట్టొద్దు. నలుగురిలో పేరు చెప్పుకోలేని మనిషి దగ్గర రూపాయి తీసుకోవద్దు.

మహిళా రిజర్వేషన్ వస్తుంది కదా, అప్పటిదాకా ఆగమని కొందరంటారు. 2023లో 106వ సవరణగా చట్టమైంది, ఎస్సీ సీట్లలోనూ మూడోవంతు ఆడవాళ్ళకే. అమలుని జనాభా లెక్కలకీ, ఆ తర్వాత సీట్ల పునర్విభజనకీ ముడిపెట్టారు. 2024లో 543 మందిలో గెలిచిన ఆడవాళ్ళు 74 మందే. సీటు ఆడవాళ్ళకి రిజర్వయిన రోజున పార్టీలు నాయకుల భార్యలనీ కోడళ్ళనీ వెతుక్కుంటూ పోకుండా ఉండాలంటే, నీలాంటివాళ్ళు అప్పటికే ఊళ్ళల్లో తెలిసి ఉండాలి.

నీ మీద మాటలు పడతాయమ్మా. ఫొటోలు మార్చి వాట్సాప్‌లో తిప్పుతారు, కులం పేరుతో తిడతారు. ప్రతిదానికీ జవాబివ్వకు. హద్దు దాటినదాన్ని స్క్రీన్‌షాట్ తీసి, తేదీ రాసి, లాయరు చేత ఫిర్యాదు చేయించు. కులదూషణకి 1989 అట్రాసిటీ చట్టం ఉంది, రాజీ పడమని ఎవరొచ్చినా ఒప్పుకోకు. ఎక్కడికి పోయినా నీకు నమ్మకమైన ఆడమనిషి ఒకరు తోడుండాలి. ఇవన్నీ మీ అత్తగారికీ పెద్దపాపకీ ముందే నీ నోటితో చెప్పు, బయటివాళ్ళ నోట వినకూడదు.

పార్టీ వాళ్ళకి ఇప్పుడే అవుననీ కాదనీ అనొద్దు. ఏడాది గడువు అడుగు. పులికాట్ విషయం పార్టీ మేనిఫెస్టోలో పెడతారా అని కూడా అడుగు. వాళ్ళేమంటారో జాగ్రత్తగా విని, అన్నది అన్నట్టు నాకు చెప్పు. వచ్చే ఆదివారం మీ ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటికి రా. నియామక ఉత్తర్వు, జీతం స్లిప్పు, థీసిస్‌లో ముఖద్వారం గురించిన అధ్యాయం తెచ్చుకో. భోజనం ఇక్కడే.

ఇట్లు,
మీ మేడమ్