మేనల్లుడికి రొయ్యల నూడుల్స్ గురించి

శ్రీకాకుళం

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నూడుల్స్ ముద్దకట్టాయనీ, రొయ్యలు రబ్బరులా సాగాయనీ, గంటస్తంభం దగ్గర బండి మీద తిన్న రుచి నీ గదిలో ఎంత ప్రయత్నించినా రావడం లేదనీ రాశావు. ఈ మూడింటికీ మూలం ఒక్కటే. నీ మూకుట్లో నీరు చేరుతోంది. ఆ నీరు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నదో, దానిని ఎలా ఆపాలో తెలిస్తే ఈ వంటలో నేర్చుకోవలసినది ఇక పెద్దగా మిగలదు కనుక, ఈ ఉత్తరమంతా దాదాపు ఆ ఒక్క విషయం గురించే రాస్తున్నాను.

మన ఇళ్ళలో రొయ్యల ఇగురు ఎలా వండుతారో నీకు తెలుసు. వలిచిన రొయ్యలకు ఉప్పు, పసుపు పట్టించి, పొయ్యి మీద పెట్టి, అవి వదిలిన నీరంతా ఇగిరిపోయేదాకా ఉడికించి, ఆ తరువాత ఉల్లిపాయలు, మసాలాలతో మగ్గిస్తారు. ఆ కూరకు అదే సరైన పద్ధతి, దానిని నేను తప్పు పట్టను. అయితే నీవు అదే చేతివాటంతో చైనా వంటకు దిగావు. మూకుట్లో నీరున్నంతసేపూ అందులోని వేడి 100 డిగ్రీలు దాటదు. వేపుడుకు ఆ ఎరుపూ, ఆ కమ్మని వాసనా రావాలంటే 140 డిగ్రీల పైన వేడి కావాలి. అంటే నీరు ఉన్నంతవరకూ నీవు చేస్తున్నది వేపుడు కాదు, ఉడకబెట్టడమే. రొయ్య అలా ఉడికి గట్టిపడుతుంది, నూడుల్స్ ఆ నీటిని పీల్చుకొని ముద్ద అవుతాయి.

ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసే రోజుల్లో, పని మీద కలకత్తా వెళ్ళినప్పుడు టాంగ్రా పేటలోని చైనా వారి హోటళ్ళకు తప్పకుండా వెళ్ళేవాడిని. తోళ్ళ పరిశ్రమ పెట్టుకొని అక్కడ తరాలుగా స్థిరపడిన హక్కా కుటుంబాలవి ఆ హోటళ్ళు. తినడం కంటే వంటగది గుమ్మం దగ్గర నిలబడి చూడడమే నాకు ఎక్కువ ఇష్టంగా ఉండేది. మనవాళ్ళు గరిటెతో తిప్పుతూ కూర్చునే చోట వారు నిమిషం కూడా గడవకుండా వండినది తీసి పక్కన పెట్టేసేవారు. నేను నీకు చెప్పేదంతా ఆ గుమ్మం దగ్గర చూసినదీ, ఆ తరువాత మీ అత్తయ్య విసుక్కుంటున్నా ఇంట్లో చేస్తూ తెలుసుకున్నదీ.

ముందు రొయ్యల సంగతి. విజయనగరం బజారుకు పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి, కోనాడ వైపు నుంచి వచ్చే సముద్రపు రొయ్య దొరికితే దానినే తీసుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో చేపల వేటకు నిషేధం ఉంటుంది కనుక ఆ రెండు నెలల్లో నీకు ఎక్కువగా దొరికేది చెరువుల్లో పెంచిన వనామీయే. ఇది నిజానికి అమెరికా ఖండపు పసిఫిక్ తీరానికి చెందిన జాతి. మన దేశంలో 2009లో దీని పెంపకానికి అనుమతి వచ్చాక కోస్తా చెరువులన్నీ దాదాపు దీనితోనే నిండిపోయాయి. రుచిలో సముద్రపు రొయ్యకు సాటి రాదని నా అభిప్రాయం, కానీ ఈ వంటకు అది లోటేమీ కాదు. పరిమాణం మాత్రం చూసుకో. 50 కౌంట్ అంటే కిలోకు 50 రొయ్యలని అర్థం. 50, 60 కౌంట్ రొయ్యలు దీనికి బాగా నప్పుతాయి. 100 కౌంట్ రొయ్యలు మూకుట్లో పడిన క్షణంలోనే అతిగా ఉడికిపోతాయి. ఇద్దరికి 400 గ్రాములు కొంటే తలలు, పొట్టు పోగా ఇంచుమించు 200 గ్రాములు చేతికి వస్తుంది, అది చాలు. తల గట్టిగా అతుక్కొని, పొట్టు బిగుతుగా మెరుస్తూ, సముద్రపు వాసన తప్ప వేరే వాసన లేనివి ఏరుకో. ముక్కుకు ఘాటుగా అమ్మోనియా వాసన తగిలితే ఎంత చవకైనా వద్దు. తలలు నల్లబడడం మాత్రం రొయ్యలోనే ఉండే ఒక ఎంజైము వల్ల జరిగేది. అంతమాత్రాన అది కుళ్ళినట్లు కాదు గాని, పట్టి కొంతకాలమైందని మాత్రం తెలుసుకోవచ్చు.

వలిచాక వీపు మీద కత్తి మొనతో సన్నగా గాటు పెట్టి, నల్లని పేగును లాగివేయి. ఆ పేగులో ఇసుక ఉంటుంది, పంటికి తగులుతుంది. తరువాత చాలామంది వదిలివేసే పని ఒకటి చెబుతాను. 200 గ్రాముల రొయ్యలకు పావు టీస్పూను వంట సోడా, అర టీస్పూను ఉప్పు కలిపి 15 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచు. సోడాలోని క్షారం వల్ల రొయ్య మాంసం తనలోని నీటిని వేడికి కూడా అంత తేలికగా వదలదు. బయటి నీరు మనకు శత్రువు, లోపలి నీరు మిత్రుడు. అది లోపలే ఉంటేనే కొరికినప్పుడు రొయ్య చిటుక్కుమంటుంది. సమయం అయ్యాక రెండు సార్లు చల్లని నీటితో బాగా కడుగు, లేకపోతే సబ్బు రుచి మిగులుతుంది. ఆ తరువాత శుభ్రమైన పొడి గుడ్డలో పరచి, పైన ఇంకొక మడత వేసి, చేత్తో అద్దుతూ పూర్తిగా తడి పోయేదాకా తుడువు. ఇక్కడ బద్ధకిస్తే ముందు చెప్పినదంతా వృథా. చివరగా ఒక టీస్పూను కార్న్‌ఫ్లోర్, చిటికెడు మిరియాల పొడి, ఒక టీస్పూను నూనె పట్టించు. కార్న్‌ఫ్లోర్ అంటే కొట్లో అమ్మే తెల్లని పిండి, మరలో ఆడించిన పచ్చని మొక్కజొన్న పిండి కాదు. పసుపు వేయకు. నీచు వాసన పోదేమోనని నీకు అనుమానం రావచ్చు, కానీ తాజా రొయ్యను అలా కడిగి ఆరబెడితే పోగొట్టవలసిన వాసనే ఉండదు. గడ్డకట్టించిన రొయ్యలు కొంటే, వాటిని సంచీతో సహా చల్లని నీళ్ళలో పెట్టి కరగనివ్వు. అవి మామూలు వాటి కంటే ఎక్కువ నీరు వదులుతాయి కనుక తుడిచే పనిని రెండింతల శ్రద్ధతో చేయవలసి ఉంటుంది.

నూడుల్స్ విషయానికి వస్తే, మసాలా పొట్లంతో వచ్చే రెండు నిమిషాల రకం దీనికి పనికిరాదు. అవి కర్మాగారంలోనే నూనెలో వేగి వస్తాయి, ఉడికించిన వెంటనే మెత్తబడి మూకుట్లో విరిగిపోతాయి. హక్కా నూడుల్స్ అని ప్యాకెట్ మీద రాసి ఉన్న గోధుమ నూడుల్స్ 150 గ్రాములు తీసుకో. 2 లీటర్ల నీళ్ళు తెరలి కాగుతున్నప్పుడు ఒక చెంచా ఉప్పు వేసి, ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి ఒక నిమిషం ముందే దించివేయి. మధ్యలో కొంచెం పలుకు ఉండాలి, ఎందుకంటే మిగిలిన ఉడుకు మూకుట్లో జరుగుతుంది. వెంటనే చిల్లుల గిన్నెలో వంపి, పైన చల్లని నీళ్ళు పోసి, పిండి జిగురు పోయేదాకా కడుగు. నీరు పూర్తిగా కారిపోయాక ఒక చెంచా నూనె కలిపి, వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరచి ఫ్యాను కింద 15 నిమిషాలు వదిలివేయి. పైన చేత్తో తాకితే తడి అంటకూడదు. నీ నూడుల్స్ ముద్దకట్టడానికి కారణం సాస్ కాదు, నీవు వేడి వేడిగా వడకట్టి వెంటనే మూకుట్లో వేయడమేనని నీ ఉత్తరంలోని వివరాలను బట్టి అర్థమవుతోంది.

కూరగాయలకు ఎక్కువ మాటలు అక్కరలేదు. ఒక క్యారెట్, గుప్పెడు క్యాబేజీ, సగం క్యాప్సికమ్ సన్నగా పొడవుగా తరుగు. ఉల్లికాడల తెల్లని భాగాన్నీ ఆకుపచ్చని భాగాన్నీ విడివిడిగా పెట్టుకో. వీటికి ముందుగా ఉప్పు చల్లకు, చల్లితే నీరు ఊరుతుంది. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం చాకుతో సన్నగా తరగాలి. సీసాలో దొరికే అల్లంవెల్లుల్లి ముద్ద తడిగా ఉండి మూకుడుకు అంటుకొని మాడుతుంది. కరివేపాకు, గరం మసాలా కూడా వద్దు. నీ వంటను నీ ఇష్టం వచ్చినట్లు చేసుకునే హక్కు నీకుంది, కాదనను. అయితే గరం మసాలా పడిన తరువాత సోయా సాస్ రుచి నాలుకకు ఆనదు.

సాస్ ముందే ఒక గిన్నెలో కలిపి ఉంచుకో. ఒకటిన్నర టేబుల్ స్పూన్ల లేత సోయా సాస్, రంగు కోసం అర టీస్పూను చిక్కని నల్ల సోయా సాస్, ఒక టీస్పూను వెనిగర్, అర టీస్పూను పంచదార సరిపోతాయి. ఒక టేబుల్ స్పూను సోయా సాస్‌లో రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది కనుక విడిగా ఉప్పు వేసే ముందు రుచి చూడడం మరిచిపోవద్దు. సీసా వెనుక సోయా చిక్కుళ్ళు, గోధుమలు పులియబెట్టి చేసినదని రాసి ఉంటే కొను. రంగు, ఉప్పు నీళ్ళు మాత్రమే ఉన్న రకాలు కూడా బజారులో ఉన్నాయి. అజినొమోటో గురించి అడిగావు. దాని రుచికి మూలమైన గ్లుటమేట్ అనే పదార్థాన్ని 1908లో జపాన్‌కు చెందిన కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి వేరు చేశాడు. దానిని చూసి భయపడవలసిన పని లేదు, కానీ పులిసిన సోయా సాస్‌లోనూ రొయ్యలోనూ సహజంగానే ఆ రుచి ఉన్నందున ఇక్కడ దాని అవసరం నాకు కనిపించదు. చైనా వారు చివర్లో వేసే నువ్వుల నూనె వేయించిన నువ్వుల నుంచి తీసినది, మన గానుగ నూనెలో ఆ వాసన ఉండదు. దాని బదులు ఒక చెంచా నువ్వులు దోరగా వేయించి కచ్చాపచ్చాగా నలిపి చల్లు. మన ఉత్తరాంధ్ర ఇళ్ళలో నువ్వుల పొడికి కొదవ ఏముంది?

ఇక పొయ్యి దగ్గరికి రా. నాన్‌స్టిక్ పెనం వాడవద్దు, దాని పూతను 260 డిగ్రీలు దాటి వేడి చేస్తే హానికరమైన పొగలు వస్తాయి, ఈ వంటకేమో అంత మంట తప్పదు. నీ దగ్గర ఉన్న ఇనుప మూకుడే దీనికి తగినది. బండి వాడి బర్నరు మంట మన ఇంటి గ్యాసు పొయ్యికి ఎన్నో రెట్లు బలమైనది, దానితో మనం పోటీ పడలేము. ఆ లోటును పూడ్చుకునే దారి ఒకటే ఉంది: కొద్దికొద్దిగా వండడం. నలుగురు స్నేహితులు వస్తే రెండు విడతలుగా చెయ్యి. అంతా ఒక్కసారిగా కుమ్మరించావంటే మూకుడు చల్లారి మళ్ళీ నీరు చేరుతుంది.

తరిగినవన్నీ చేతికి అందేలా పేర్చుకున్నాకే మంట వెలిగించు, ఎందుకంటే ఇక్కడి నుంచి అంతా ఆరేడు నిమిషాల పని. పెద్ద మంట మీద మూకుడును సన్నని పొగ వచ్చేదాకా కాచి, రెండు చెంచాల వేరుశనగ నూనె పోసి, రొయ్యలను ఒకదాని మీద ఒకటి పడకుండా పరచు. ఒక నిమిషం కదపకు. అడుగు ఎర్రబడ్డాక తిరగవేసి ఇంకొక అర నిమిషం ఉంచు. పచ్చి రొయ్యలో ఎర్రని వర్ణకం ఒక మాంసకృత్తుకు బంధించబడి బూడిదరంగులో కనిపిస్తుంది. వేడికి ఆ బంధం విడిపోగానే ఎరుపు బయటపడుతుంది. అందువల్ల రంగు మారడం ఉడకడం మొదలైందనడానికి గుర్తే తప్ప, పూర్తయిందనడానికి కాదు. రొయ్య నెలవంకలా వంగి, మందమైన చోట కూడా లోపలి గాజు మెరుపు పోయి తెల్లబడితే తీసివేయి. గుండ్రంగా ఉంగరంలా చుట్టుకుపోయిందంటే అప్పటికే ఆలస్యమైంది. తీసిన రొయ్యలను పచ్చి రొయ్యలు ఉంచిన పళ్ళెంలో కాక వేరే పళ్ళెంలో పెట్టు.

మూకుడును మళ్ళీ కాచి, ఇంకొక చెంచా నూనెలో వెల్లుల్లి, అల్లం, ఉల్లికాడల తెల్లని భాగం పావు నిమిషం వేయించు. తరువాత క్యారెట్ ఒక నిమిషం, క్యాబేజీ, క్యాప్సికమ్ అర నిమిషం వేగితే చాలు. పంటికి కరకరలాడాలి. ఇప్పుడు నూడుల్స్ వేసి, పలచగా పరిచి, అర నిమిషం అలాగే వదిలివేయి. గరిటెతో ఊరికే తిప్పాలని చెయ్యి లాగుతుంది, ఆగు. అడుగున అక్కడక్కడ ఎర్రబడనిచ్చి, అట్లకాడతో కింద నుంచి పైకి ఎత్తి వేస్తూ కలుపు. సాస్‌ను నూడుల్స్ మీద కాకుండా మూకుడు అంచు చుట్టూ, వేడి ఇనుము మీద పడేలా పోయాలి. అది చుర్రుమని ఆవిరై, పొగలో వాసన పట్టుకొని లోపలికి జారుతుంది. బండి దగ్గర నీకు అంత నచ్చిన పొగ రుచిలో సగం ఇక్కడే ఉంది. చివరగా రొయ్యలు, ఉల్లికాడల ఆకుపచ్చ భాగం, మిరియాల పొడి, నువ్వుల పొడి వేసి, రెండు సార్లు ఎత్తి కలిపి మంట ఆర్పేయి. మూత పెట్టకు, మూతకు పట్టిన ఆవిరి మళ్ళీ నీరై లోపలికే కారుతుంది.

స్నేహితులను భోజనానికి పిలిస్తే రొయ్యలు పడనివారు ఎవరైనా ఉన్నారా అని ముందే అడుగు. ఆ ఎలర్జీ కొందరికి ప్రమాదకరం. అటువంటివారికి నూడుల్స్ విడిగా, రొయ్య తగలని మూకుట్లో ముందే చేసిపెట్టాలి. మన ఎండలకు వండినది గంటకు మించి బయట ఉంచవద్దు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు రొయ్యలను పక్కకు తీసి నూడుల్స్ మాత్రమే పొడి మూకుట్లో బాగా వేడి చేసుకొని, చివర్లో రొయ్యలను ఆవిర్లు వచ్చేదాకా కలుపుకో.

తిన్న తరువాత మూకుడును సబ్బు నీళ్ళలో నానబెట్టవద్దు. వేడి నీళ్ళతో, కొబ్బరి పీచుతో తోమి, పొయ్యి మీద తడి ఆరేదాకా కాచి, గుడ్డతో పలచగా నూనె రాసి బోర్లించు. లేకపోతే వారం తిరగకుండానే తుప్పు పడుతుంది. ఈసారి వండినప్పుడు రొయ్య లోపల ఎలా ఉందో, నూడుల్స్ అడుగు ఎర్రబడిందో లేదో వివరంగా రాయి, నీ పొయ్యి మంటకు తగినట్లు ఈ నిమిషాలను మార్చి చెబుతాను.

ఇట్లు,
నీ మామయ్య