అధికారి రహస్య సంఘంలో సభ్యుడైతే కేసు మూలన పడుతుందా?

ఒంగోలు నుంచి ఒకరు అడిగారు: "మా కేసు చూసే అధికారి ఫ్రీమేసన్ అట. దర్యాప్తు నీరుగారినట్టేనా?"

ఫ్రీమేసన్లంటే సొంత రహస్య ఆచారాలున్న ఒక పాత సోదర సంఘం సభ్యులు; వాళ్ల శాఖను లాడ్జి అంటారు. ఈ అనుమానం బ్రిటన్‌లో పాతదే. 1987లో లండన్‌లో డేనియల్ మోర్గాన్ అనే ప్రైవేటు డిటెక్టివ్‌ను గొడ్డలితో నరికి చంపారు. ఆ హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు. లాడ్జి స్నేహాలే కేసును తొక్కేశాయని ఏళ్ల తరబడి జనం అన్నారు. 2021లో స్వతంత్ర ప్యానెల్ పోలీసు అవినీతిని గట్టిగా తప్పుపట్టింది గానీ, మేసన్ల ద్వారా దర్యాప్తును చెడగొట్టినట్టు ఆధారం కనబడలేదంది. అయినా పోలీసులు తమ సభ్యత్వం బయటపెట్టాలని సూచించింది. దాచినచోటే అనుమానం పుడుతుంది మరి.

మన ఒంగోలు, కావలి వైపు లాడ్జి అంటే గది అద్దెకిచ్చే చోటు! ఇక్కడ కేసులకు అడ్డుపడేది ఎక్కువగా కులం, పార్టీ, బంధుత్వం అని నా అభిప్రాయం.

పోలీసులు ఆధారాల్లేవని కేసు మూసేస్తే, ఫిర్యాదుదారుగా మేజిస్ట్రేట్ ముందు ఆ మూసివేతపై అభ్యంతరం చెబుతూ ప్రొటెస్ట్ పిటిషన్ వేయొచ్చు. అసలు ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ముందు ఎస్పీకి రాసి, అక్కడా కాకుంటే అఫిడవిట్‌తో బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం) సెక్షన్ 175(3) కింద కోర్టుకెళ్లాలి. పిటిషన్‌లో సంఘం సంగతి కాదు, ఏ సాక్షిని పిలవలేదో, ఏ కాగితం తీసుకోలేదో రాయండి.