ఉద్దానం కిడ్నీ సర్వేకి బయలుదేరే ముందు

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

కవిటి, సోంపేట మండలాల సర్వే నీకు అప్పగించారని తెలిసింది. ఏం చెయ్యాలో ప్రొటోకాల్‌లో ఉంటుంది. ఊళ్లోకి వెళ్లాక పని ఎక్కడ చెడుతుందో అందులో ఉండదు కాబట్టి రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం రెండో పరీక్ష. కిడ్నీలో తేడా మూడు నెలలు దాటి నిలిస్తేనే అది దీర్ఘకాలిక జబ్బు. ఒక్క రిపోర్టుతో లెక్క కట్టేశావా, చాలినన్ని నీళ్లు తాగకుండా ఎండలో తోటపని చేసినవాడూ, విరేచనాలతో నీరసించినవాడూ, ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్ బిళ్లలు మింగినవాడూ అందులో కలిసిపోతారు. నీ అంకెలు తప్పడం ఒక ఎత్తు, జబ్బు లేనివాళ్లింట్లో గుండెలు జారిపోవడం ఇంకో ఎత్తు. అందుకని రెండో విడతకి కావలసిన డబ్బూ, మనుషులూ, బండీ మొదటిరోజే పక్కన పెట్టుకో. ఫోన్ నంబరొక్కటే నమ్ముకోకు. సిమ్ములు మారుస్తారు, పనులకి వలస పోతారు. ఆశా కార్యకర్త పేరు, ఇంటి గుర్తు, పక్కింటివాళ్ల నంబరు ఫారంలో రాయించు.

మూత్రం స్ట్రిప్‌తో సరిపెట్టకు. ఉద్దానం జబ్బులో చాలామందికి ప్రొటీన్ పెద్దగా పోదు, స్ట్రిప్ బాగుందన్నా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగి ఉండొచ్చు. తెల్లవారి తొలి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కీ క్రియాటినిన్‌కీ ఉన్న నిష్పత్తి చూడు. గ్రాముకి 30 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మళ్లీ చెయ్యాలి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు ఆ నమూనా తీసుకోకు.

రక్తం తీసే ముందు 12 గంటలు మాంసాహారం వద్దని ముందురోజే కబురు పెట్టు. ట్యూబు అరగంట గడ్డకట్టనిచ్చి, అక్కడి పీహెచ్‌సీలోనే సెంట్రిఫ్యూజ్ మిషనులో గిర్రున తిప్పించి, సీరం (పైకి తేలే పసుపు ద్రవం) వేరుచేసి ఐస్ బాక్సులో పంపు. వేరుచెయ్యకుండా గంటల తరబడి బండిలో తిప్పితే పొటాషియం పెరిగిపోయి కనబడుతుంది, క్రియాటినిన్‌ని రంగు మార్పుతో కొలిచే జాఫే పద్ధతిలో అది కూడా పెరిగి కనబడొచ్చు. వీలైతే ఎంజైములతో కొలిచే ఎంజైమాటిక్ పద్ధతి ఉన్న ల్యాబు చూసుకో. ఏదైనా సరే, రెండు విడతలకీ ఒకే ల్యాబు, ఒకే పద్ధతి ఉండాలి. మధ్యలో మార్చావంటే జబ్బు ముదిరిందో మిషను మారిందో చెప్పలేవు.

క్రియాటినిన్ 1.2 అని రాగానే 'నార్మల్' అని టిక్ పెట్టెయ్యనివ్వకు. కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా ఈజీఎఫ్ఆర్, అది తగ్గేకొద్దీ కిడ్నీ పని తగ్గినట్టు. వయసునీ, ఆడా మగా అన్నదాన్నీ కలిపి లెక్కించే 2021 సీకేడీ-ఈపీఐ సూత్రంతో చూస్తే, పాతికేళ్ల కుర్రాడికి అదే 1.2తో ఈజీఎఫ్ఆర్ 86 వస్తుంది. యాభై అయిదేళ్ల ఆవిడకి 53. ఆవిణ్ణి రెండో విడతకి తప్పకుండా పిలవాలి.

కారణమేమిటని అందరూ అడుగుతారు. ఇంకా తేలలేదనే చెప్పు. మీ సిబ్బందిలో ఒక్కరు 'నీళ్ల వల్లే' అని నోరు జారినా, తర్వాతి ఇంట్లో నీళ్ల గురించి చెప్పే జవాబులన్నీ అటే ఒరుగుతాయి. అంగీకారపత్రం తెలుగులో చదివి వినిపించి, 'మీకేమర్థమైందో చెప్పండి' అని అడుగు. వేలిముద్ర వేసేవాళ్లకి మీ బృందానికి సంబంధం లేని సాక్షి కావాలి. ఫలితం మాత్రం నలుగురిలో చెప్పకు. ఆ మాట పెళ్లి సంబంధాల దాకా పోతుంది.

తర్వాత మందుల ట్రయల్‌కి వెళితే, మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (దేశంలో జరిగే ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు చెయ్యాలి. మనుషుల్ని చేర్చుకున్నాక చేసే నమోదుని 2018 ఏప్రిల్ 1 నుంచి ఒప్పుకోవడం లేదు. రామిప్రిల్ లాంటి బీపీ మందు మొదలుపెడితే రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడు. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే కంగారుపడి మందు ఆపొద్దు.

రెండో పరీక్ష దాకా ఆగకూడనివాళ్లు కొందరుంటారు. పొటాషియం 6 దాటినవాళ్లు, ఈజీఎఫ్ఆర్ 15 కన్నా తక్కువున్నవాళ్లు, ఆయాసంతో పడుకోలేనివాళ్లు. వాళ్లని రిపోర్టు చేతికొచ్చిన రోజే పలాస ఆసుపత్రికి పంపు. చీటీ రాసిచ్చి ఊరుకోకు, బండి ఎక్కించి అక్కడి డాక్టరుకి ఫోన్ చెయ్యి.