మాల్దీవుల ప్యాకేజీలో మీ పాప అడిగిన తిమింగలం లేదు

ప్రశ్న: మేం తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా ఆయన మందుల కంపెనీలో రెప్, బీపీకి మాత్రలు వాడతారు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకి 82,000. బంగారుపాళెం దగ్గర మా అత్తగారి మూడెకరాల మామిడి తోట నుంచి ఏటా ఖర్చులు పోను లక్షన్నర దాకా వస్తుంది. ఆరో తరగతి చదివే మా పాపకి తిమింగలాలంటే ప్రాణం. ఒక్కసారైనా సముద్రంలో తిమింగలాన్ని చూడాలని, నీళ్ల అడుగుకి దిగి చేపల్ని చూడాలని రెండేళ్లుగా అడుగుతోంది. ట్రావెల్స్ వాళ్లు మాల్దీవుల్లో నాలుగు రాత్రులకి ముగ్గురికీ కలిపి 5,60,000 చెప్పారు. అవసరానికని దాచుకున్నది 1,40,000 ఉంది. మిగతాదానికి నా హారం పెట్టి గోల్డ్ లోన్ తీసుకుందామా, లేక పాప చదువు కోసం ఆరు నెలలుగా కడుతున్న రెండు లక్షల చీటీ (20 నెలలది) పాడేద్దామా? అన్ని ఖర్చులూ పోను నెలకి 9,000 మిగులుతోంది.

జవాబు: అమ్మా, మీరు పంపిన ప్యాకేజీ కాగితం రెండుసార్లు చదివాను. అందులో ‘వేల్ షార్క్ చూపిస్తాం’ అని ఉంది. అది తిమింగలం కాదు, సొరచేప జాతి. చేపలన్నిటిలోకీ పెద్దది, చూడదగ్గదే. మాల్దీవుల్లో దక్షిణ అరి అటాల్ దగ్గర ఏడాది పొడుగునా కనిపిస్తుంది. కానీ మీ పాప అడిగింది ఊపిరి తీసుకోవడానికి పైకొచ్చి నీటి ఆవిరి చిమ్మే తిమింగలాన్ని. ఆ కాగితంలో అది ఎక్కడా లేదు. 5,60,000లో ఎక్కువ భాగం నీళ్ల మీద కట్టిన గదికీ, ఆ గదికి చేర్చే స్పీడ్ బోటుకీ పోతోంది. మీ ఉత్తరంలో ఆ గది ఊసే లేదు.

అప్పు సంగతి ముందు తేల్చేద్దాం. 4,20,000 గోల్డ్ లోన్‌కి ఏడాదికి 12 శాతం వేసుకున్నా వడ్డీ 50,400. నేను కింద చెప్పబోయే ప్రయాణంలో తిమింగలాల పడవకీ డైవింగ్‌కీ కలిపి అయ్యేది దాదాపు అంతే. పైగా మీ దగ్గరున్న 1,40,000 కూడా ఖాళీ అయిపోతుంది, రేపు మీ అత్తగారికి ఒంట్లో బాగోకపోతే హారం బ్యాంకులో ఉంటుంది. చీటీ అయినా అంతే. ఆరు నెలలే కట్టి ఇప్పుడు పాడితే తోసుడు (పాటలో వదులుకునే మొత్తం) ఎక్కువ పోతుంది, మిగిలిన 14 వాయిదాలు మాత్రం తప్పవు. అది పాప చదువుకని మొదలుపెట్టినది, దాని జోలికి పోవద్దు.

ఇక వెళ్లాల్సిన చోటు. మనకి తిమింగలాల ఊరు చాలా దగ్గర్లోనే ఉంది. శ్రీలంక దక్షిణ కొసన మిరిస్స అనే చిన్న రేవు. చెన్నై నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర కూడా పట్టదు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతి నుంచి చెన్నై చేరడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. మిరిస్స తీరం దాటగానే సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది. అందుకే ఎక్కడో నడిసముద్రంలో ఉండాల్సిన నీలి తిమింగలాలు పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేంత దూరంలో తిరుగుతాయి. సీజన్ డిసెంబర్ నుంచి ఏప్రిల్. అదే కాలంలో అదే తీరంలో ఉనవతున, హిక్కడువ దగ్గర డైవింగ్ కూడా నడుస్తుంది. రెండు కోరికలూ ఒకే ప్రయాణంలో తీరతాయి.

ఈ సీజన్ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అబ్బాయి చిన్నప్పుడు వేసవి సెలవుల్లో చవగ్గా వస్తోందని ఒక ఏజెంటు మాట నమ్మి జూన్‌లో మిరిస్స వెళ్లాం. ముగ్గురికీ లక్షా పదివేలు అయింది. రేవులో పడవలన్నీ టార్పాలిన్లు కప్పి కట్టేసి ఉన్నాయి. నైరుతి గాలికి సముద్రం మట్టిరంగులో పొర్లుతోంది. వాడు ఆ ఒడ్డున బైనాక్యులర్ పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాడు. చవగ్గా ఎందుకు దొరికిందో నాకు అక్కడ అర్థమైంది. రెండేళ్లు ఆగి ఫిబ్రవరిలో మళ్లీ తీసుకెళ్లాను. పొద్దున ఆరున్నరకి పడవ కదిలింది. రెండున్నర గంటల దాకా ఏమీ లేదు, డీజిల్ వాసనకి మా ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంది. అప్పుడు పడవ కుర్రాడు చెయ్యి చూపించాడు. రెండంతస్తుల మేడంత ఎత్తున తెల్లటి ఆవిరి లేచింది, ఆ చప్పుడు కాసేపటికి గానీ మాకు చేరలేదు. తర్వాత వీపు పైకొచ్చింది. అది సాగుతూనే ఉంది, ఎంతకీ అయిపోదు. రెండు ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి పెట్టినంత పొడుగు. చివర్లో తోక నిటారుగా లేచి నీళ్లలోకి జారిపోయింది. మావాడు ఒక్క మాట మాట్లాడలేదు, నా చొక్కా మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. మీ పాపకి కూడా అదే దక్కాలని నా కోరిక. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీరిద్దరూ సెలవు పెట్టగలిగేదీ, పాపకి బడి లేనిదీ, తిమింగలాలు ఉండేదీ చూస్తే సంక్రాంతే కుదురుతుంది. ఈ వచ్చే సంక్రాంతి వదిలేయండి, ఆ తర్వాతది పట్టుకోండి. సుమారు 16 నెలలు చేతిలో ఉంటాయి. పండగ మూడు రోజులూ అత్తగారి దగ్గర తోటలోనే చేసుకోండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, మర్నాడు బయల్దేరండి. పాపకి నాలుగైదు రోజులు బడి పోతుంది, పోనివ్వండి. పండగ రద్దీ తగ్గితే టికెట్ కూడా కాస్త దిగే వీలుంది.

ముగ్గురికి ఆరు రాత్రుల లెక్క నేను ఇలా వేశాను. విమానానికి 60,000. వీసా, ఇన్సూరెన్స్ కలిపి 15,000. గదికి రోజుకి 5,000 చొప్పున 30,000. తిండికి 24,000. అక్కడ తిరగడానికి 25,000. కొలంబో నుంచి సముద్రం పక్కనే సాగే రైలెక్కితే ఇందులో బాగా మిగులుతుంది, పాపకి ఆ దారి నచ్చుతుంది కూడా. డైవింగ్‌కి 20,000. తిమింగలాల పడవకి తలకి 5,000 చొప్పున 15,000 కాదు, 30,000 రాయండి. అది అడవి జంతువు, మొదటి రోజు కనబడకపోవచ్చు. రెండో ప్రయత్నానికి డబ్బూ రోజూ ముందే పక్కన పెట్టుకుని వెళ్లాలి. చెన్నై రాకపోకలకి 6,000. ఇవన్నీ 2,10,000, పైన చేతి అవసరానికి 20,000 కలిపితే 2,30,000. పాస్‌పోర్టులు లేకపోతే పెద్దలకి 1,500, పాపకి 1,000, అంటే ఇంకో 4,000. సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది, ఈ నెలలోనే వేసేయండి.

నెలకి మిగిలే 9,000తో వచ్చే నెల నుంచి బ్యాంకులో ఆర్డీ మొదలుపెట్టండి. 6.5 శాతం వడ్డీ దొరికితే 16 నెలలకి దగ్గర దగ్గర 1,50,000 అవుతుంది. ఇంత తక్కువ కాలానికి షేర్లూ, ఈక్విటీ ఫండ్లూ వద్దు. టికెట్ కొనాల్సిన వారమే మార్కెట్ పడితే ప్రయాణం ఆగిపోతుంది. మిగతా 80,000 తోట నుంచి రావాలి. మధ్యలో ఒక కాపు వస్తుంది కాబట్టి లెక్క కుదురుతుంది, కానీ పూత చూసి ఖర్చు రాసుకోకండి. 2025లో బెంగళూర (తోతాపురి) కాయకి ఏం జరిగిందో మీ ఇంట్లోవాళ్లే చెబుతారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజులకొద్దీ బారులు తీరాయి. కిలోకి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలన్నారు, ఆ డబ్బు అందరి చేతికీ వెంటనే రాలేదు. ర్యాంపులో, అంటే కాయ కొనే చోట, తూకం వేశారంటే డబ్బు వచ్చినట్టు కాదు. మీ ఖాతాలో పడ్డాక, తోట మందులకీ దున్నకాలకీ తీసి పక్కన పెట్టాక, అప్పుడు 80,000 ఈ పద్దులో వేయండి. సెప్టెంబర్ నాటికి అది పడితే అక్టోబర్‌లో టికెట్లు తీసుకోండి. అంతకుముందు ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు.

టికెట్లూ గదీ మీరే విడివిడిగా తీసుకుంటే ఇంకో లాభం ఉంది. విదేశీ టూర్ ప్యాకేజీగా కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది. రేటు బడ్జెట్‌ని బట్టి మారుతూ వస్తోంది. రిటర్న్ వేసి తిరిగి తెచ్చుకోవచ్చు గానీ అన్నాళ్లూ మీ డబ్బు ఇరుక్కుని ఉంటుంది. ఒక్క విమాన టికెట్టో ఒక్క గదో కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు. అక్కడ మామూలు క్రెడిట్ కార్డు గీకితే 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్, దాని మీద జీఎస్టీ కూడా పడతాయి. ఆ మార్కప్ లేని కార్డు ఉందేమో మీ బ్యాంకులో అడగండి.

డైవింగ్ గురించి మూడు మాటలు, మూడూ డబ్బుతో ముడిపడ్డవే. సర్టిఫికెట్ కోర్సుకి మూడు నాలుగు రోజులు పడుతుంది, 200 మీటర్లు ఈదాలి. ఈసారికి మీకు అది అక్కర్లేదు. ట్రైనర్ పక్కనే ఉండి 12 మీటర్ల లోపు తీసుకెళ్లే ఒక్కరోజు డైవ్ చాలు. పదేళ్లు నిండిన పిల్లలు దిగొచ్చు. దిగేముందు ఆరోగ్య ఫారం నింపాలి. మీ ఆయనకి బీపీ మాత్రలు ఉన్నాయని రాశారు. అలాంటప్పుడు డాక్టర్ సంతకం అడుగుతారు. ఆ ఫారం ఇక్కడే డౌన్‌లోడ్ చేసి తిరుపతిలో మీ డాక్టర్ చేత సంతకం పెట్టించుకుని వెళ్లండి. లేకపోతే డబ్బు కట్టి ఒడ్డున కూర్చోవాల్సి వస్తుంది.

ఇన్సూరెన్స్ రెండోది. చాలా ట్రావెల్ పాలసీల్లో స్కూబా డైవింగ్ ఉండదు. ‘సాహస క్రీడలకి వర్తించదు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. డైవింగ్ కలిసిన పాలసీ కావాలని అడిగి, ఆ వాక్యం పాలసీలో కళ్లారా చూశాకే డబ్బు కట్టండి. ఇందులో వెయ్యో రెండు వేలో ఎక్కువైనా వెనక్కి తగ్గకండి.

మూడోది రోజుల వరస. నీళ్లలోకి దిగి వచ్చాక ఒంట్లో నైట్రోజన్ మిగిలి ఉంటుంది, అది మెల్లగా పోవాలి. విమానం లోపలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, మన తిరుమలకి సుమారు రెండింతల ఎత్తు. అందుకే ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఎక్కువ డైవులైతే 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒక రోజంతా వదిలేయడం ఇంకా మంచిది. డైవింగ్ రెండో రోజున పెట్టుకోండి, తిమింగలాల పడవలు తర్వాత. ఇలా వరస పెడితే తిరుగు టికెట్ మార్చుకునే ఖర్చు రాదు.

పడవ ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే చూడొద్దు. ‘దగ్గరికి తీసుకెళ్తాం’ అని ఆశపెట్టేవాళ్లకంటే 100 మీటర్ల అవతలే ఇంజన్ నెమ్మదించేవాళ్లకి వెయ్యి ఎక్కువిచ్చినా నష్టం లేదు. తరిమితే తిమింగలం లోతుకి దిగిపోతుంది. మీకు కనబడేది తోక ఒక్కటే, దానికి మాత్రం బెదురు మిగులుతుంది. పాపకి కూడా ఈ సంగతి చెప్పండి.

ఒకవేళ ఆ ఏడు కాపు దెబ్బతిని 80,000 రాకపోతే ఆర్డీ డబ్బు కదపకుండా ఎఫ్‌డీలో వేసి, ఇంకో 9 నెలలు అదే 9,000 కడుతూ పోండి. అప్పుడు రెండు దారులుంటాయి. ఇంకో సంక్రాంతి దాకా ఆగితే మళ్లీ మిరిస్స. అప్పుడు కుదరకపోతే ఆ తర్వాతి వేసవి సెలవుల్లో శ్రీలంక తూర్పు తీరంలో ట్రింకోమలీ. మే నాటికి అటు సముద్రం నెమ్మదిగా ఉంటుంది, పావురాల దీవి (పిజియన్ ఐలండ్) దగ్గర పగడాలు చూడొచ్చు, తిమింగలాలూ ఆ తీరానికి వస్తాయి. ఏడాది ఆలస్యమైందని పాప బాధపడితే ఈ మాట చెప్పండి: మన హిందూ మహాసముద్రంలోని ఈ నీలి తిమింగలాలు మిగతావాటిలాగా ధ్రువాల వైపు వలస పోవు, ఏడాదంతా ఈ వెచ్చటి నీళ్లలోనే తిరుగుతాయి.