టెక్ సందేహాలు: షుగర్ ఎప్పుడు మొదలైంది?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి, మూడేళ్ల కిందట స్టెంట్ వేశారు. గుంటూరు కొత్తపేటలో చూపించినా, విజయవాడ సూర్యారావుపేట వెళ్లినా రిపోర్టుల కవర్ మోసుకెళ్లాల్సిందే. అందరూ ‘ఆభా’ తీసుకోమంటున్నారు. దానివల్ల నిజంగా ఉపయోగం ఉందా? మా గుట్టంతా ఇన్సూరెన్స్ వాళ్ల చేతికి వెళ్తుందేమోనని భయంగా ఉంది. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఆ కవర్ మా ఇంట్లోనూ ఉంది, బట్టల షాపు వాళ్లిచ్చింది. కిందటేడు అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పాత ఈసీజీ అడిగారు. తీసి చూస్తే గులాబీ రంగు గళ్లున్నాయి, గీత మాత్రం లేదు. ఈసీజీ వచ్చేది థర్మల్ కాగితం మీద. ఎండకీ వేడికీ కొన్నాళ్లకు అచ్చు వెలిసిపోతుంది. మందుల షాపు బిల్లుల్లో చాలావాటిదీ అదే గతి. “అప్పుడెలా ఉందో తెలిస్తే ఇప్పుడేం మారిందో చెప్పేవాణ్ని” అన్నారాయన. అది తీసిన రోజే ఫోన్‌తో ఒక ఫొటో కొట్టి ఉంటే సరిపోయేది. టెక్ కాలమ్ రాసేవాడి ఇంట్లో పరిస్థితి ఇదీ!

ఇక ఆభా. పూర్తి పేరు ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. ఆధార్‌తో ఉచితంగా వచ్చే 14 అంకెల నంబర్. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగం. తప్పనిసరి కాదు. ఆయుష్మాన్ కార్డు వేరు, మన రాష్ట్రంలోని ఎన్టీఆర్ వైద్య సేవ వేరు. ఆభా చూపిస్తే ఎవరూ ఉచితంగా వైద్యం చేయరు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఇది మీ రిపోర్టులన్నిటికీ ఒక చిరునామా, అంతే. రిపోర్టులు ఢిల్లీలో ఏదో ఒక పెద్ద కంప్యూటర్లోకి వెళ్లి పడవు. ఏ ల్యాబు ఇచ్చింది ఆ ల్యాబులోనే, ఏ ఆసుపత్రి ఇచ్చింది ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి. మీరు ‘సరే’ అంటే మీ యాప్‌లోకో, అడిగిన డాక్టరు తెర మీదికో వస్తాయి.

మీ నాన్నగారికి దీంతో ఒరిగేది ముఖ్యంగా వరస. షుగర్ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ గానీ, కిడ్నీకి చేసే క్రియాటినిన్ గానీ ఒక్క అంకె చూస్తే తెలిసేది తక్కువ. నాలుగేళ్ల అంకెలు పక్కపక్కన పెడితే కథ తెలుస్తుంది. స్టెంట్ వేశాక రక్తం పలుచబడే మందులు ఏవి వాడుతున్నారో పన్ను పీకే డాక్టరుకైనా తెలియాల్సిందే. “ఆ తెల్ల మాత్రండీ” అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు?

మీ భయం సంగతి. మీరు అనుమతి ఇవ్వకుండా బీమా కంపెనీ ఆభా ద్వారా మీ రిపోర్టులు తీసుకోలేదు. అనుమతి అడిగినప్పుడు ఏయే రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్నాళ్లపాటు అన్నది మీరే నిర్ణయించవచ్చు, తర్వాత వెనక్కీ తీసుకోవచ్చు. అలాగని ఉన్న జబ్బును పాలసీ ఫారంలో దాచమని మాత్రం నేను చెప్పను. దాచిన జబ్బు క్లెయిమ్ రోజునే బయటపడుతుంది.

అసలు ఆ రోజున జరిగే గొడవేమిటో చూడండి. రోగి ఎమర్జెన్సీలో చేరతాడు. వెంట వచ్చిన బావమరిది “షుగరా? ఉందండీ, పదేళ్ల నుంచి” అంటాడు నోటికొచ్చినట్టు. డ్యూటీ డాక్టరు అదే కేస్ షీట్‌లో రాస్తారు. పాలసీ తీసుకుని నాలుగేళ్లే అయిందనుకోండి, “ముందే ఉన్న జబ్బు చెప్పలేదు” అంటూ క్లెయిమ్ ఆగుతుంది. నిజానికి షుగర్ బయటపడింది పాలసీ తీసుకున్నాకే. కానీ రుజువేది? పాలసీకి ముందు చేయించిన హెచ్‌బీఏ1సీ మామూలుగా ఉందని, తర్వాతది 6.5 దాటిందని ల్యాబు నుంచే తేదీలతో వచ్చిన రిపోర్టులుంటే బావమరిది మాటకు విలువుండదు. పాలసీ వరసగా 60 నెలలు సాగితే, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని నియమం ఉంది. తేదీల గొడవంతా ఆ అయిదేళ్ల లోపే.

కంపెనీలకూ లాభం లేకపోలేదు. ఒకే బిల్లు రెండు చోట్ల పెట్టడం, వయసు దిద్దిన రిపోర్టులు, అసలు చేయని పరీక్షలు... వీటిని కాగితాల్లో పట్టుకోవడం కష్టం. ల్యాబు నుంచి నేరుగా వచ్చినదాన్ని దిద్దడం అంత సులువు కాదు. నగదు రహిత చికిత్సకు గంటలోగా నిర్ణయం చెప్పాలని, డిశ్చార్జికి మూడు గంటల్లోగా తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. స్కాన్ చేసిన మసక పీడీఎఫ్‌లు తిరగేస్తూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. క్లెయిములు ఒకే పద్ధతిలో వెళ్లేలా నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్ఛేంజ్ పెట్టింది అందుకే.

ఒక తేడా గుర్తుంచుకోండి. మీరు ఫొటో తీసి ఎక్కించింది బొమ్మ మాత్రమే. ల్యాబు లింక్ చేసింది రికార్డు. అన్ని ల్యాబులూ ఇంకా ఇందులో చేరలేదు కాబట్టి కౌంటర్లో “ఆభాకు లింక్ చేస్తారా” అని అడగండి. కవర్ పారేయొద్దు. సొంత డబ్బు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలంటే ఒరిజినల్ బిల్లులు అడుగుతారు.

ప్రశ్న: ఓపీ కౌంటర్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నారు, చేశాను. నా పాత రిపోర్టులన్నీ వాళ్లకు వెళ్లిపోయినట్టేనా? (పటమట, విజయవాడ)

జవాబు: లేదండీ, టెన్షన్ పడొద్దు. దానివల్ల వెళ్లేది పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబర్ లాంటివే. బదులుగా టోకెన్ వస్తుంది, లైన్లో నిలబడి చీటీ రాయించుకునే పని తప్పుతుంది. పాత రిపోర్టులు కావాలంటే వాళ్లు విడిగా అనుమతి అడగాలి. అయితే “ఆభా చేస్తాం, ఓటీపీ చెప్పండి” అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం పెట్టేయండి.

ప్రశ్న: అమ్మ ఎమ్మారై సీడీలో ఇచ్చారు. నా ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవే లేదు. (తెనాలి)

జవాబు: యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ అడిగి తెచ్చుకోండి. సీడీలోని ఫైళ్లన్నీ, పేర్లు మార్చకుండా, ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అవి డైకామ్ ఫైళ్లు, మామూలు ఫొటోల్లా తెరుచుకోవు. చాలా సీడీల్లో చూసే సాఫ్ట్‌వేర్ కూడా ఉంటుంది, లేకపోతే ఉచిత డైకామ్ వ్యూయర్ వేసుకోవచ్చు. తెర మీద కనిపించిన బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి డాక్టరుకు వాట్సాప్ చేయకండి. ఎమ్మారైలో వందల పొరలుంటాయి, ఆయనకు కావాల్సింది మీరు పంపని పొరలో ఉండొచ్చు.